డెబ్బై నాలుగు మార్కుల నీటిచుక్క

ఆ రోజుల్లో మాకు రెండు రకాల నిజాలుండేవి. ఒకటి ల్యాబులో జరిగేది, రెండోది రికార్డులో రాసేది. ఆ రెండింటికీ పెద్దగా పరిచయం ఉండేది కాదు. రికార్డంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: సైన్సు చదివేవాళ్ళు చేసిన ప్రతి ప్రయోగాన్నీ అట్టవేసిన లావుపాటి పుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, విధానం, రీడింగులు, ఫలితం అంటూ వరసగా రాసి, మేడమ్ చేత ఎర్ర సిరా సంతకం పెట్టించుకోవాలి. మేమేం చేసేవాళ్ళమంటే, సీనియర్ల రికార్డు తెచ్చుకుని, ఫ్యాను కింద చాప వేసుకుని, ఒక కన్ను టీవీ సీరియల్ మీద ఉంచి ఉన్నదున్నట్టు దింపేసేవాళ్ళం. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర దింపినవాడే. అసలు మొదట రాసిన మహానుభావుడెవరో, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. (మా క్లాసులో ఒకమ్మాయి, సీనియర్ రికార్డులో పక్కన పెన్సిల్‌తో ఉన్న "ఇక్కడ కరెంటు పోయింది" అన్న మాటను కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసుకుంది. మేడమ్ దానికీ సంతకం పెట్టారు.)

నేనప్పుడు సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు ఆఖరి సంవత్సరం. ఆఖరి సంవత్సరంలో ఒక ప్రాజెక్టు చేయాలి. అందరూ లేజర్లనీ సోలార్ పలకలనీ పెద్ద పెద్ద పేర్లు పంచుకుంటుంటే, మా గైడు మేడమ్ నన్ను పిలిచి, "నీకు నీటిచుక్క" అన్నారు. నేను ఇంకేదైనా చెబుతారేమోనని కాసేపు నిలబడ్డాను. మేడమ్ మనిషి పొట్టి, మాట మరీ పొట్టి. కాటన్ చీర కొంగు నడుముకి దోపుకుని, బల్ల మీద ఒక నీటిచుక్క వేసి, "దీనికి కరెంటు పెడితే పరుచుకుంటుంది. తీసేస్తే మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఎంత వోల్టేజీకి ఎంత పరుచుకుంటుందో కొలువు" అన్నారు. సరేనన్నాను కానీ, బయటికొచ్చాక నా మీద నాకే జాలేసింది. ఆ సాయంత్రానికే క్లాసులో నా పేరు పోయి 'చుక్కమ్మ' మిగిలింది.

కానీ చెప్పొద్దూ, మొదటిసారి చూసినప్పుడు ఆ జాలంతా ఎగిరిపోయింది. ఇంట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును ఒక గాజు పలక మీద అతికించి, దానిమీద, గిన్నెలకు మూతగా చుట్టే పలచటి ప్లాస్టిక్ పొర ఒకటి బిగించాం. ఆ పొర మీద ఉప్పునీళ్ళ చుక్క వేస్తే, ప్లాస్టిక్ అంటే నీటికి గిట్టదు కాబట్టి, చుక్క ముడుచుకుని గుండ్రంగా కూర్చుంది. ఒక వైరు రేకుకి, వెంట్రుకంత సన్నటి ఇంకో రాగి తీగ చుక్కలోకి. నాబ్ తిప్పి వోల్టేజీ పెంచుతుంటే చుక్క మెల్లిగా నడుము వాల్చి, పక్కలకు ఒళ్ళు వదిలి, పొర మీద పడుకుంది! అంతవరకూ గిట్టని ప్లాస్టిక్ ఆ క్షణాన దానికి పరుపయింది. స్విచ్చు తీయగానే లేచి కూర్చుంది. పొరకి అటు రేకులో, ఇటు చుక్క అడుగున ఎదురెదురు విద్యుత్తు చేరి ఒకదాన్నొకటి లాక్కుంటుంది, ఆ లాగుడికి చుక్క అంచు ముందుకు జరుగుతుంది, అంతే సంగతి. దీనితోనే చిన్న చిన్న కెమెరా కటకాలు తయారు చేస్తారనీ, గోరంత పలక మీద రక్తపు బొట్లను ఇటూ అటూ నడిపించి పరీక్షలు చేస్తారనీ మేడమ్ చెప్పారు. నాకు అవేవీ అక్కర్లేదు. నేను స్విచ్చు వేయడం, అది పడుకోవడం, నేను తీయడం, అది లేవడం, ఈ ఆట చాలు. జీవితంలో నా మాట విన్న మొదటి ప్రాణి ఆ నీటిచుక్క.

చుక్క పక్కన ఒక టార్చి పెట్టి, మధ్యలో భూతద్దం పెట్టి, ఎదురు గోడ మీద అతికించిన గ్రాఫు కాగితం మీదికి దాని నీడను పెద్దదిగా పంపించేదాన్ని. ఆ నీడ అంచుకు జామెట్రీ బాక్సులోని కోణమాని ఆనించి కోణం కొలిచేదాన్ని. ఈ పనిలో నాకు తోడు మా ల్యాబు అటెండరు. ఆయన్ని కాలేజీ అంతా ఫ్యూజు భాయ్ అనేది. ముప్పై ఏళ్ళుగా మా ల్యాబులో పోయిన ఫ్యూజులన్నీ ఆయన వేసినవే. తెల్ల గడ్డం, చెవి వెనక టెస్టరు, మాటలో అందరూ ఆయనకి బిడ్డలే. రోజూ రీడింగులు చక్కగా వచ్చేవి, ఒక్క సోమవారం తప్ప. సోమవారం వచ్చిందంటే నా చుక్క మొండికేసేది. సగం పరుచుకుని ఆగిపోయేది, స్విచ్చు తీస్తే లేచేది కాదు. నేను తల పట్టుకుంటే ఫ్యూజు భాయ్ ఓదార్చేవాడు. "ఆదివారం ఆరాం చేసినంక సోమవారం ఎవ్వనికన్న పనిమీద మనసుంటదా బిడ్డా? మిషిన్‌కు సుత గంతే. నువ్వు పరేషాన్ కాకు." రెండు నెలలు చూసి సోమవారం రీడింగులు తీయడమే మానేశాను. రికార్డులో మాత్రం, ఆ రోజుల్లో కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువని రాశాను. ఎంత బాగా రాశానంటే, నేనే నమ్మాను.

ఇక 'విధానం' రాయడానికి కూర్చుంటే నాకు ముందు ఎవరూ ఈ ప్రయోగం చేయలేదు కాబట్టి దింపడానికి రికార్డు లేదు. అలాగని సొంతంగా రాసే అలవాటూ లేదు. చివరికి ఇంకేదో ప్రయోగం చేసిన సీనియర్ రికార్డు తెచ్చి, అందులో ఉన్న వాక్యాన్ని గౌరవంగా నా రికార్డులో పెట్టుకున్నాను: "పలకను స్పిరిట్‌తో మూడుసార్లు శుభ్రముగా తుడిచి, చేయి తగలకుండా ఆరబెట్టవలెను." నేను స్పిరిట్ సీసా మూత తీసిన పాపాన పోలేదు. పొర బిగించడం, ముడతలుంటే వేలితో సవరించడం, చుక్క వేయడం, ఇదే నా విధానం. కానీ 'వేలితో సవరించితిని' అని రాస్తే ఏం బాగుంటుంది? స్పిరిట్‌లో ఒక హోదా ఉంది.

ఈ ప్రాజెక్టు మీద నా ప్రాణం ఎందుకు వేలాడుతోందో చెప్పాలి. జూన్ నుంచి మా కాలేజీలోనే డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఒకటి ఖాళీ కాబోతోంది. ల్యాబులో పిల్లలకు ప్రయోగాలు చూపించే పని. ప్రాజెక్టులో డిస్టింక్షన్ వచ్చినవాళ్ళకే ఇస్తామన్నారు. డిస్టింక్షన్ అంటే నూటికి డెబ్బై ఐదు. నాకా ఉద్యోగం కావాలి. ఎంతగా అంటే, బోయిగూడలో మా ఇంటి నుంచి కాలేజీకి నడిచి వస్తూ, పిల్లలు 'మేడమ్' అని పిలిస్తే ఎలా తల తిప్పాలో స్టేషన్ దాకా సాధన చేసేదాన్ని. (ఒకసారి అలా తల తిప్పినప్పుడు జామపండ్ల బండి అతను, "ఎన్ని కిలోలు అక్కా?" అన్నాడు.) మా గైడు మేడమ్ కూడా అందరి ముందూ, "ఆ పిల్లకి తప్పకుండా వస్తుంది" అని మాటిచ్చేశారు. ఫిజిక్సు కాని విషయానికి ఆవిడ అన్నేసి మాటలు అంతకుముందెప్పుడూ ఖర్చుపెట్టలేదు. మార్కులు వేసేది మాత్రం బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడు, అంటే ఎక్స్‌టర్నల్.

ఆ పరీక్ష ఒక గురువారం. తెల్లారేసరికి అమ్మ కుంకుడుకాయల రసం పిండి, వేడినీళ్ళు తోడి, నా రెక్క పట్టుకుంది. మామూలు రోజుల్లో నా జడకు గిన్నెడు కొబ్బరినూనె పట్టించందే గడప దాటనిచ్చేది కాదు. "నూనె లేని తలతోని బజార్ల తిరుగుతవా? ఎవలన్న చూస్తే ఏమనుకుంటరే?" అనేది. ఆదివారం ఒక్కరోజే తలంటు. "అమ్మా, ఇయాల గురువారం, టైమ్ లేదే" అంటే వినదే! "పరీక్ష దినం తలకు పోసుకోకుంట పోతరా ఎవలన్న? సప్పుడు చెయ్యక కూసో" అని నెత్తిన చెంబు బోర్లించింది. గంటసేపు రుద్ది, సాంబ్రాణి పొగ పట్టి, వదులుగా జడ అల్లి పంపింది. ఆ రోజు నా జుట్టు పట్టుకుచ్చులా ఎగిరింది. నా అందానికి నేనే మురిసిపోతూ కాలేజీకి నడిచాను.

ఎక్స్‌టర్నల్ సారు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎప్పుడో స్థిరపడినాయన. మెత్తటి మనిషి, గొంతు ఇంకా మెత్తన. అరిచే పరీక్షకుడైతే మనకూ పౌరుషం వస్తుంది, మెత్తగా అడిగితే తప్పించుకోవడానికి సందుండదు. ఆయన నా రికార్డు తీసి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. నేను చూసిన మనుషుల్లో రికార్డును నిజంగా చదివిన మొదటివాడు ఆయనే! మేడమ్ కూడా కొంచెం కంగారుపడ్డారు. ఆయన విధానం దగ్గర వేలు పెట్టి, "బాగా రాశావమ్మా. సరే, నేను ఒక్కో వాక్యం చదువుతాను. నువ్వు అలాగే చేసి చూపించు" అన్నారు. "పలకను స్పిరిట్‌తో మూడుసార్లు శుభ్రముగా తుడిచి..." అని చదివి, కళ్ళజోడు మీంచి చూశారు. స్పిరిట్ సీసా ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఫ్యూజు భాయ్ నా మొహం చూసి, ఏమీ ఎరగనట్టు బీరువా వెనక నుంచి తెచ్చి చేతిలో పెట్టాడు. మూడుసార్లు తుడిచాను. చేయి తగలకుండా ఆరబెట్టాను. రెండేళ్ళ చదువులో రికార్డులో ఉన్నట్టు ఒక పని చేయడం అదే మొదలు.

చుక్క వేసి, తీగ ముంచి, టార్చి వెలిగించి, నాబ్ తిప్పాను. యాభై వోల్టులు. గోడ మీద నీడ కదల్లేదు. వంద. నూటయాభై. నూటయాభై దగ్గర నా చుక్క ఎప్పుడూ హాయిగా కాళ్ళు చాపుకునేది. ఇప్పుడు అంచు ఒక పక్క కొంచెం జరిగి, పట్టుకుపోయి, వంకరగా ఆగింది. స్విచ్చు తీశాను. లేవలేదు. ఇంకో చుక్క వేశాను, అదీ అంతే. "ఇవాళ సోమవారం కాదు కదా?" అని నోరు జారాను. "సోమవారమైతే ఏమవుతుందమ్మా?" అన్నారాయన, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. మేడమ్ కిటికీ బయటికి చూస్తున్నారు. ఆవిడ చెవులు ఎర్రబడటం నాకు ఇక్కణ్ణుంచే కనబడుతోంది. జూన్‌లో పిల్లలు 'మేడమ్' అని ఇంకెవర్నో పిలుస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

అలాంటప్పుడు మనిషి తెలివి పనిచేయదు, చేయి పనిచేస్తుంది. వోల్టేజీ ఇంకా పెంచితే వింటుందేమోనని నాబ్‌ను ఆ చివరికి తిప్పేశాను. ఠప్పుమని మెరుపు! పొరకి చిల్లు పడి, చుక్క చుర్రుమని బుడగలు కక్కి, ల్యాబులో సగం లైట్లు పోయాయి. నేను కెవ్వుమన్నాను. ఎక్స్‌టర్నల్ సారు కుర్చీతో సహా రెండడుగులు వెనక్కి వెళ్ళారు. ఫ్యూజు భాయ్ ఒక్కడే శాంతంగా, "ఏం కాలే సార్, జెర ఫ్యూజు పోయింది. పది నిమిషాలల్ల వేస్త. అందాక చాయ్ తాగుండ్రి" అని, నా పక్కగా వెళ్తూ గుసగుసగా, "బిడ్డా, నేను నిమ్మళంగ వేస్త. నువ్వు గంతట్ల ఏమన్న సోచాయించు" అన్నాడు. ఆ పది నిమిషాల పని ఆయన పావుగంట చేశాడు. ఆ పావుగంటలో నేను సోచాయించింది ఏమిటంటే, ఇంటికెళ్ళి అమ్మకు ఏమని చెప్పాలా అని.

ఈలోగా మేడమ్ తెప్పించిన చాయ్, గేటు ముందు బండి మీది మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఎక్స్‌టర్నల్ సారుకి మిరపకాయ బజ్జీ అంటే మహా ప్రీతి అని అప్పుడే తెలిసింది. మొదటిది మొహమాటంగా, రెండోది మామూలుగా, మూడోది మా ఊరి బజ్జీల గొప్పతనం గురించి మాట్లాడుతూ తిన్నారు. నేను కొత్త పొర బిగించి, మళ్ళీ మూడుసార్లు స్పిరిట్ పూసి ఆరబెడుతున్నాను. ఆయన చాయ్ కప్పుతో నా పక్కకొచ్చి, వంగి చూసి, "ఇక్కడో ముడత ఉందమ్మా" అంటూ, మరో చేతి బొటనవేలితో పొరను మెత్తగా సవరించారు. బజ్జీ తిన్న చేతి బొటనవేలు! 'చేయి తగలకుండా ఆరబెట్టవలెను' అని చదివినాయన! అయ్యో సార్, అనబోయి ఆగాను. మార్కులు వేసే మనిషిని చేయి తీయమని ఎవరంటారు? లైట్లు వచ్చాయి. కానీయ్ అనుకుని, ఆయన వేలు పెట్టిన చోటే చుక్క వేసి, నాబ్‌ను భయం భయంగా తిప్పాను.

చుక్క పరుచుకుంది. నిగనిగలాడుతూ, ఎక్కడా పట్టుకోకుండా, గోడ మీది నీడ గ్రాఫు కాగితం గళ్ళన్నీ దాటుకుంటూ పడుకుంది. స్విచ్చు తీశాను. ఠక్కున లేచి కూర్చుంది. మళ్ళీ వేశాను, పడుకుంది. తీశాను, లేచింది. మేడమ్ కిటికీ వదిలి బల్ల దగ్గరికి వచ్చేశారు. "యా అల్లా! సార్ చేతిల ఏమో మహిమ ఉన్నది" అన్నాడు ఫ్యూజు భాయ్. సారు మాత్రం తన బొటనవేలిని ఒకసారి లైటు కింద చూసుకుని, వాసన చూసుకుని, ఇంకోచోట చుక్క వేయమన్నారు. అక్కడ మొండికేసింది. అక్కడ ఆయన వేలితో రాసి వేయమన్నారు. హాయిగా ఆడింది. "నూనె! పలచటి నూనె పూత ఉంటే అంచు పట్టుకుపోకుండా జారుతోంది!" అని, చాయ్ కప్పు నా రికార్డు మీదే పెట్టేసి, నన్ను పక్కకి జరిపి, కుర్చీ లాక్కుని, ఇరవై నిమిషాలు ఆయనే ఆడుకున్నారు. స్విచ్చు వేయడం, నవ్వడం, తీయడం, నవ్వడం. నాకాయన మీద ఆ ఇరవై నిమిషాలు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ పరీక్షకుడైపోయారు. "మరి ఈ నెలల తరబడి రీడింగులన్నీ ఇంత బాగా వచ్చాయంటే, నువ్వూ నూనె పూత వేసే ఉంటావు. కావాలనే వేశావన్నమాట. రికార్డులో రాయడం మర్చిపోయావు. అవునా?" అన్నారు. చూశారా, ఎంత చక్కటి తలుపు తెరిచారో! మేడమ్ ఆయన వెనక నిలబడి, అవునను అన్నట్టు తల ఊపుతున్నారు. జూన్ నెల మళ్ళీ దగ్గరికొచ్చి నిలబడింది. నాకు నూనె సంగతి అప్పటిదాకా కలలో కూడా తెలియదు. అయినా గొంతు సవరించుకుని, పెద్ద సైంటిస్టులాగా, "అవును సార్" అన్నాను.

"శభాష్. ఏ నూనె?"

ఏ నూనె? చేయి అలవాటుగా జడ మీదికి పోయింది. ఏదైనా ఆలోచించాల్సి వస్తే జడ కొసను వేళ్ళకు చుట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ల్యాబులో రీడింగు తీసినప్పుడల్లా అదే పని. చేతికి నూనె లేని పొడి జుట్టు తగిలింది. అప్పుడు వెలిగింది నాకు! రోజూ జడ పట్టుకున్న ఈ వేళ్ళతోనే కదా, పొర ముడతలు సవరించింది! "కొబ్బరినూనె సార్" అన్నాను గట్టిగా.

"ఎంత వేశావు? ఎన్ని చుక్కలు?"

"కొంచెం సార్. అది... రోజును బట్టి సార్."

"రోజును బట్టి నూనె ఎందుకు మారుతుందమ్మా?"

"ఆదివారం తలంటు కదా సార్" అనేశాను.

సారు నా జడ వైపు చూశారు, నా వేళ్ళ వైపు చూశారు, పలక వైపు చూశారు. "అంటే, సోమవారం..." అన్నారు మెల్లిగా. "తలంటిన మర్నాడు అమ్మ నూనె పెట్టదు సార్. మళ్ళీ మంగళవారమే" అన్నాను. అప్పుడు మొదలైంది ఆయన నవ్వు. మెత్తటి గొంతు ఎక్కడికి పోయిందో, బల్ల మీద చేత్తో కొడుతూ, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మేడమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఫ్యూజు భాయ్ మాత్రం నవ్వలేదు. "నేను చెప్పలేదా సార్, సోమవారం తోటే తక్లీఫ్ అని" అన్నాడు గంభీరంగా.

నవ్వు ఆగాక ఆయన నా రికార్డు మీది చాయ్ కప్పు తీసి, (అడుగున గుండ్రటి మరక, ఇప్పటికీ ఉంది) ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. "ఈ స్పిరిట్ పేజీ తీసేయ్. నువ్వు నిజంగా ఏం చేశావో రాసి ఇయ్యి. ఎంతసేపైనా కూర్చుంటాను" అన్నారు. రాయడానికి గంట పట్టింది. ఎవరి వాక్యమూ ఆసరా లేకుండా రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "ఉదయం మా అమ్మ నా తలకు పట్టించిన కొబ్బరినూనె, జడ ద్వారా నా వేలికి, వేలి ద్వారా పొర పైకి చేరినది. ఈ సంగతి నాకు ఈ రోజు వరకు తెలియదు" అని మొదలుపెట్టాను. సోమవారాల గురించి రాశాను. కరెంటు హెచ్చుతగ్గులు నేను కల్పించినవని రాశాను. బజ్జీ సంగతి రాయొచ్చా అని అడిగితే, "తప్పక రాయి, సగం ప్రయోగం నాదే" అన్నారు. చదివి, కింద సంతకం పెట్టి, నా భుజం తట్టి, మిగిలిన ఒక్క బజ్జీ కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయారు. ఇంకేం కావాలి? ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను. మేడమ్ కూడా అదే అనుకున్నారు.

మార్కులు డెబ్బై నాలుగు.

మేడమ్ నమ్మలేక ఆయన కాలేజీకి ఫోను చేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఫోను గొంతు బయటికి బాగా వినిపించే రకం. "పేజీ చాలా బాగా రాసిందండి. నూరు పేజీల రికార్డులో నిజమైన పేజీ అదొక్కటే. అందుకే డెబ్బై నాలుగు వేశాను" అన్నారాయన. "ఇంకొక్క మార్కు వేస్తే పిల్లకి ఉద్యోగం వచ్చేదండీ" అన్నారు మేడమ్. జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి, నాకోసం అడిగారు. అవతల నుంచి ఆ మెత్తటి గొంతు, "ఆ ఒక్క మార్కూ, అడగ్గానే 'అవును సార్' అందే, దానికి తీసేశానండి" అంది. నేను గబగబా ల్యాబులోకి వెళ్ళి బీరువా వెనక నిలబడి, ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చాను. ఫ్యూజు భాయ్ స్టూలు తెచ్చి వేసి, "ఏడువు బిడ్డా, ఏడిస్తే హల్కా అయితది, మనసు బరువు దిగుతది" అని, ఎవరూ లోపలికి రాకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఉద్యోగం లేజర్ ప్రాజెక్టు అబ్బాయికి వెళ్ళింది. నేను ఒక సంవత్సరం ఇంట్లో ట్యూషన్లు చెప్పి, తర్వాత బొల్లారంలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరి, అక్కడే ఉండిపోయాను. పిల్లలు 'మేడమ్' అనరు, 'టీచర్' అంటారు, దానికి వేరే తల తిప్పడం నేర్చుకున్నాను. మరుసటి ఏడు ఫ్యూజు భాయ్ మోండా మార్కెట్లో కనబడి ఒక కబురు చెప్పాడు. నా తర్వాత చుక్క ప్రాజెక్టు చేసిన నలుగురు కుర్రాళ్ళూ నా రికార్డే పట్టుకెళ్ళారట. "నలుగురు సుత 'పొద్దుగాల మా అమ్మ నా తలకు నూనె పెట్టింది' అనే రాసిన్రు బిడ్డా. అండ్ల ఒకడు తిరుపతికి పోయి గుండు కొట్టించుకోని వచ్చినోడు!" నడిబజారులో కొత్తిమీర కట్ట పట్టుకుని ఎంత నవ్వానో, నవ్వాక ఎందుకో కళ్ళు తుడుచుకున్నాను.

ఆ సారు ఇప్పుడెక్కడున్నారో తెలియదు. కానీ బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో, జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడో మనసులోకి వచ్చి కూర్చుంటారు. ఇరవై ఏళ్ళు దాటినా నేను ఊరుకోను. సార్, ఇరవై రెండేళ్ళ పిల్ల, భయపడి ఒక్క మాట అంది, మూడో ప్రశ్నకి తనే ఒప్పేసుకుంది కదా, మీ సొమ్మేం పోయింది సార్, అని దులిపేస్తాను. వెతికి వెతికి కొత్త వాదనలు తీస్తాను. ప్రతిసారీ నేనే గెలుస్తాను. ఆయన అంతా ఓపిగ్గా విని, నిజమేనమ్మా అంటారు, హాయిగా నవ్వుతారు, నవ్వి మళ్ళీ డెబ్బై నాలుగే వేస్తారు.